మా సాకెట్టులో పరాయి ప్లగ్గు

మా వదినకు కోపం తక్కువ. ఆ లోటు తీర్చడానికి ఇంట్లో నేనున్నాను. కానీ ఆ రోజు ఆమె కోపం చూశాక, నాది ఉత్త చిరాకేనని తెలిసింది.

వదిన చాలా ఏళ్ళు డయాలసిస్ వార్డులో నర్సుగా చేసింది. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు అక్కడికొచ్చి, యంత్రం పక్కన పడుకుని, ఒంట్లో చేరిన నీటిని తీయించుకుని వెళ్ళాలి. బెడ్డు దొరకడం ఒక ఎత్తు, ఇంటి నుంచి ఆ బెడ్డు దాకా చేరడం ఇంకో ఎత్తు. ఆలస్యమైతే వాళ్ళ వంతులోనే కోత పడుతుంది. వెనక ఇంకొకరు కాచుకుని ఉంటారు మరి. ఇదంతా చూసి చూసి వదిన ఉద్యోగం మానేసి, రోగులను తీసుకెళ్ళి తీసుకొచ్చే బండ్లు పెట్టింది. డ్రైవర్లు ఆమెను ఇప్పటికీ సిస్టరమ్మ అనే పిలుస్తారు. బండ్ల మరమ్మతులు మా అన్నయ్యవి, ఫోన్లు నావి.

ఎవరిని ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళాలో డ్రైవర్ల ఫోన్లకు పంపేది మా సర్వరు. ఆసుపత్రుల వాళ్ళు రోజూ వేళలు మారుస్తూనే ఉంటారు కాబట్టి అది లేకపోతే మాకు కాళ్ళూ చేతులూ ఆడవు. రోగుల వివరాలు పరాయివాళ్ళ యంత్రంలో పెట్టనని వదిన పట్టుబట్టి దాన్ని సొంతంగా కొన్నది. మొదట్లో మెట్ల కింద గదిలో ఉండేది. అక్కడ ఉక్క, దుమ్ము, చీమలు. కరెంటు పోతే అన్నయ్య సగం గడ్డంతోనే జనరేటరు దగ్గరికి పరుగెత్తేవాడు. చివరికి దాన్ని డేటా సెంటరుకు మార్చాం. అక్కడ హాలు నిండా ఇనుప బీరువాలు వరసగా నిలబడి ఉంటాయి. బీరువా మొత్తం తీసుకునే తాహతు లేని మాలాంటివాళ్ళకు ఒక అర అద్దెకిస్తారు. యంత్రం మనది, చోటూ చల్లదనమూ కరెంటూ వాళ్ళవి.

“ఇక్కడ మనం ఉడికిపోతుంటే అది ఏసీలో వేరుకాపురం పెట్టింది చూడు!” అని అన్నయ్య ఏడిపించేవాడు.

వదిన ఆ చోటుకు మొగ్గింది ఒకే ఒక్క మాట విని. ప్రతి అరకూ రెండు సాకెట్లు ఇస్తారు, రెండూ వేర్వేరు కరెంటు లైన్లవి. సర్వరుకు రెండు వైర్లుంటాయి. ఒక లైను పోయినా అది రెండోదాని మీద నడుస్తుంది. అందుకే, ఒక లైను మరమ్మతు కోసం ఆపుతున్నామని, రెండు వైర్లున్నవాళ్ళు దిగులు పడక్కర్లేదని డేటా సెంటరువాళ్ళు చెప్పినప్పుడు మేం గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం.

పొద్దున్నే లైను ఆపారు. దాంతోపాటే మా సర్వరూ ఆగిపోయింది. డ్రైవర్ల ఫోన్లలో నిన్నటి పేర్లే ఉండిపోయాయి. పాపం, వాళ్ళు నిన్నటి ఇళ్ళకే వెళ్ళి తలుపులు తట్టారు. అప్పుడే టైలరు తాత ఫోన్ చేశాడు. బట్టలు కుట్టడం మానేసి చాలాకాలమైనా ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

“అమ్మాయ్, చెప్పులేసుకుని గుమ్మంలోనే కూచున్నా. బండి రాలేదేం?”

“వస్తోంది తాతా, ఇదిగో ఇప్పుడే.”

“నాకేం తొందర లేదులే. బెడ్డు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారేమోనని, అంతే.”

ఆయన బండి ఎక్కడుందో కనుక్కోమని ఫోన్లు అన్నయ్యకు అప్పగించి, నేనూ వదినా డేటా సెంటరుకు పరుగెత్తాం.

సూపర్‌వైజరు బీరువా వెనక తలుపు తీశాడు. మా రెండో వైరు చక్కగా చుట్టచుట్టి పక్కకు కట్టేసి ఉంది. దాని సాకెట్టులో పై అర నుంచి దిగిన వైరు దర్జాగా కూర్చుంది.

“ఇదెవరిది?” అంది వదిన.

“పై అరవాళ్ళది మేడమ్. కొత్త మెషిన్ పెట్టారు, సాకెట్ చాల్లేదు. మీది ఒక వైరు మీద కూడా నడుస్తుంది కదా అని టెంపరరీగా...”

“మా వైరు ఎవరు తీశారు?”

తను కాదన్నాడు. పక్కనున్న టెక్నీషియనూ తను కాదన్నాడు. అందరూ శాకాహారులే, బుట్టెడు రొయ్యలు మాయం.

“సరే, అది తీసి మాది పెట్టండి.”

“అమ్మో! వేరే కస్టమర్ కేబుల్ ముట్టుకోకూడదు మేడమ్. రూలు. వాళ్ళకి మెయిల్ పెడతాను, పర్మిషన్ రాగానే...”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మా వైరు పీకినప్పుడు మీ రూలు టీ తాగడానికి వెళ్ళిందా?” అంటూ ఆ ప్లగ్గు మీద చెయ్యి వేశాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

“ఆగవే. అవతల ఎవరున్నారో ఏమో. ఇది తీస్తే ఇంకో చోట ఇంకో తాత గుమ్మంలో కూచోవాల్సి వస్తే?”

నేను ప్లగ్గు మీంచి చెయ్యి తీసేశాను. ఆమె సూపర్‌వైజరు వైపు తిరిగింది.

“వాళ్ళ పేరు నాకొద్దు. ఆ మెషిన్ ఆగితే ఎవరికైనా ప్రాణం మీదకి వస్తుందా, అది ఒక్కటి కనుక్కుని చెప్పండి.”

అతను విసుక్కుంటూ ఫోన్ పట్టుకుని బయటికెళ్ళాడు. మేం ఆ చలిలో చేతులు ముడుచుకుని నిలబడ్డాం. చుట్టూ అందరి యంత్రాలూ రొద పెడుతున్నాయి, మాది తప్ప. తాత ఇంకా గుమ్మంలోనే ఉన్నాడని అన్నయ్య నుంచి మెసేజి వచ్చింది. సూపర్‌వైజరు తీరిగ్గా తిరిగొచ్చాడు.

“ఏం లేదట మేడమ్. దాంట్లో ఇంకా ఏమీ ఎక్కించలేదట. బట్టల సేల్ మొదలైనప్పుడు పనికొస్తుందని ఊరికే ఆన్‌లో ఉంచారట.”

“ఊరికేనా?” అంది వదిన. ఆమె గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. “అక్కడ ముసలాయన ఎండలో కూచుని ఉన్నాడయ్యా! ఊరికే తిరిగే మెషిన్ కోసం మా నోటికాడ కరెంటు లాక్కున్నారా? పెద్ద కస్టమర్ అడిగితే చిన్నవాడి వైరు పీకేస్తారా? కనీసం ఒక్క ఫోన్, ఒక్క ముక్క చెప్పలేకపోయారా?”

పరాయి ప్లగ్గు లాగి పారేసింది. మా వైరు విప్పి గుచ్చింది. సర్వరు ఒక్కసారి గుర్రుమని లేచింది.

సూపర్‌వైజరు మొహం మాడిపోయింది. “వేరేవాళ్ళ కేబుల్ తీశారు కాబట్టి మీ ఎంట్రీ కార్డు వెనక్కి తీసుకోవాలి మేడమ్,” అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు! వదిన మెళ్ళోంచి కార్డు తీసి అతని చేతిలో పెట్టింది.

“అయినా ఇప్పుడు ఎవరికీ ఏం కాలేదుగా? ఇంత గొడవెందుకు చెప్పండి,” అన్నాడతను, గుమ్మం దాకా వచ్చి మరీ. ఆ చెంప ఛెళ్ళుమనిపించాలని నా చెయ్యి దురద పెట్టింది. వదిన నన్ను లాక్కుని నేరుగా ఆసుపత్రికి బయల్దేరింది.

మేం చేరేసరికే బండి తాతను అక్కడ దింపి ఉంది. రెండు గంటలు కాచుకున్నాక ఆయన వార్డులోంచి బయటికి వచ్చాడు. ఆలస్యంగా చేరాడని సగంలోనే యంత్రం ఆపేశారు. వదిన ఆయన పాదాల వాపు చూసి, ఆయన చేతులు పట్టుకుని, “మా వల్లే తాతా” అంటూ ఏడ్చేసింది.

“ఛ, ఊరుకో తల్లీ. మళ్ళీ వంతు వచ్చేదాకా మంచినీళ్ళు కాస్త తగ్గించుకుంటే సరి.”

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. బండిలో కూర్చోబెట్టగానే డ్రైవరు ఆయనకు చల్లని నీళ్ళ సీసా అందించాడు. తాత సీసా మూత తీసి, ఆ మూతలోకి నీళ్ళు వంచుకుని, ఆ కాసినీ నాలుక మీద పోసుకుని, సీసా తిరిగి ఇచ్చేశాడు.