మా అత్త పాణం పట్టుకున్న కుక్క

నిన్న పొద్దుగాల మా మేనకోడలు వనపర్తి నుంచి ఫోన్ చేసింది. వాళ్ల మెట్ల కింద ఎవరిదో కుక్క వచ్చి పండుకున్నదట. కొట్టి ఎల్లగొడదామంటే మనసొప్పుతలేదట, పెట్టుకుందామంటే ఇంటి ఓనరు ఒప్పుకుంటలేడట. ఏం చెయ్యాలె మామా అన్నది. ముందుగాల అది ఏ భాష కుక్కనో కనుక్కోమన్న. మస్కిరి బంద్ చెయ్యుమని ఫోన్ పెట్టేసింది. ఏడో తరగతిల బడి ఇడిచిపెట్టినోడు నిజం చెప్పినా నవ్వులాటనే అయితది. కని నేను నిజమే చెప్పిన.

నేను ఇటిక్యాల దిక్కు మా అత్తగారింటికి ఇల్లరికం వచ్చిన కొత్తల ముచ్చట ఇది. మిరపచేను నుంచి బండి మీద వస్తుంటే రోడ్డు పక్కన ఒక కుక్క నిలబడి, పొయ్యే లారీలను ఒక్కొక్కదాన్నే చూస్తుండె. ఊరకుక్క చూపు కాదది, బస్సు తప్పిపోయిన మనిషి చూపు. మెడకు నల్లటి ఉన్నితాడు ఉండె. దిష్టితాడు గావచ్చు, ఎవరో ముద్దుగ సాదుకున్నరనుకున్న. దగ్గరి రెండూర్లల్ల అడిగితే మాది అన్నోళ్లు లేరు. రా అంటే రాలే, పో అంటే పోలే. ఎత్తి బండి మీద కూసోబెడితే మాత్రం కొత్త పెండ్లికొడుకు లెక్క కిక్కురుమనలే. ఇంటికి తెచ్చిన.

వాకిట్ల బియ్యం చెరుగుతున్న మా అత్త కుక్కను చూసింది, నన్ను చూసింది. "ఒక్కన్ని మేపుడే భారమైతుంటే ఇంగొకదాన్ని తెచ్చినవా అల్లుడా?" అన్నది. మా ఆమె నవ్వు ఆపుకోలేక లోపలికి ఉరికింది. మా అత్త నోటికి, చేతికి పొత్తు ఉండదు. తిట్టుకుంటనే జొన్నరొట్టె తుంచి, మజ్జిగల నానేసి దాని ముందట పెట్టింది. అది గిన్నె దిక్కు చూసింది, మా అత్త మొఖం దిక్కు చూసింది, ముట్టలే. దీనికి గూడ అల్లుని లెక్కనే రోషమున్నదని ఆమె గిన్నె గుంజబోయింది. అంతే, ముంజేతిల పండ్లు దిగినయ్.

అప్పటిదాక పులి లెక్క ఉన్న మనిషి ఒక్కసారే చిన్నపిల్ల అయిపోయింది. పిచ్చికుక్క కరిచి పోయినోళ్ల కథలు ఆమె ఎన్ని విన్నదో. కారం అద్దుమని ఒకరు, పసరు పొయ్యిమని ఒకరు చెప్పిండ్రు. మా ఆమె ఎవరి మాట ఇనకుంట నల్ల కింద చెయ్యి పెట్టించి, సబ్బుతోటి చాలాసేపు కడిగింది. గద్వాల దవాఖానకు తీసుకపోయినం. సూది ఏసి, మిగిలిన సూదులు తప్పకుంట ఏయించుకోవాలె, కుక్కను గూడ పది దినాలు కట్టేసి చూడాలె, అది మంచిగుంటే భయం లేదు అన్నడు డాక్టర్. వాపస్ వచ్చేటప్పుడు బస్సుల మా అత్త మెల్లగ అడిగింది: "అది సస్తే నేను గూడ పోతనా అల్లుడా?" నా నోటికి ఎప్పుడూ కొదువలేని మస్కిరి ఆ పొద్దు ఒక్కటి రాలే. సూదులున్నయి గద అత్తా అన్న.

ఏడు సముద్రాల అవతల సిలుకల రాకాసి పాణం ఉన్నట్టు, మా అత్త పాణం పోయి కుక్కల వడ్డది. చూడొచ్చినోళ్లు ఆమెను దాటుకొని, కుక్కను కట్టేసిన కొట్టంలకు పోయి, కుక్క పాణం ఎట్లున్నది, నీళ్లు తాగుతున్నదా అని అడుగుతుండ్రి. నీళ్లైతే తాగుతున్నది. తిండే ముడతలేదు. రొట్టె, అన్నం, ఆఖరికి నాకెన్నడూ పెట్టని మీగడ పెరుగు గూడ పెట్టి చూసినం. గిన్నె ముందట కూసొని మా మొఖాలు చూసుడే. రెండో దినం మాపటికి మా అత్త గూడ తినుడు బంద్ చేసింది.

అప్పుడు పక్కింటి కోడలు వచ్చింది. రాయచూర్ దిక్కు పిల్ల. ఉన్నితాడు చూసి, ఇది మా దిక్కు గొర్లకాపరుల కుక్క, మందలు మేపుకుంట ఇటు వస్తరు అన్నది. గిన్నె ముందుకు జరిపి, "బారో, ఊట మాడు" అన్నది. కుక్క తోక ఊపింది. గిన్నె ఖాళీ అయింది. మాకు ఊట అంటే వాగు ఇసుకల నీళ్లూరుడే తెల్సు. కన్నడంల అది బువ్వ అని ఆ దినం తెలిసింది. తినుమనే మాట కోసం అది ఆగింది, మేము పిచ్చి అనుకున్నం. మా అత్త గోడకు ఆనుకొని ఏడ్చింది, ఏడ్చుకుంటనే తనకు గూడ ఇంత బువ్వ పెట్టుమన్నది.

ఆ పిల్ల వాళ్లకు వీళ్లకు ఫోన్ చేస్తే కాపరి దొరికిండు, మూడోనాడు వచ్చిండు. కట్టేసిన తాడు విప్పబోతే మా అత్త అడ్డం నిలబడ్డది. "నా పాణం అండ్ల ఉన్నది నాయనా. దినాలు నిండినంక తీస్కపో." ఆయన నవ్వి, సరే అవ్వా అని పోయిండు. దినాలు నిండినంక మళ్ల వచ్చిండు. ఆ పొద్దు మా అత్త తన చేత్తోనే రొట్టె పెట్టి, నోరు తిరగకున్నా "ఊట మాడు బిడ్డా" అన్నది. అది తిన్నది. తాడు గూడ ఆమెనే విప్పింది. ఆ మాపు మంచం మీద వాలంగనే గురక పెట్టింది. మేమిద్దరం ఆ గురక ఇనుకుంట హాయిగ పండుకున్నం.

పాణానికి భయమున్నన్ని దినాలు పొద్దు గుంకనే గుంకకపోతుండె. అది తీరినంక ఏండ్లకేండ్లు పోయినయ్, ఒక్కటి పొయ్యేటప్పుడు గూడ మేము చూడలే.