బషీర్ చెరపనివ్వని పేరు

నల్లగొండ బస్టాండు వెనక సందులో బషీర్‌కు ఓ కంప్యూటర్ దుకాణం ఉండేది. అందులో కొత్త సామానుకంటే పాతదే ఎక్కువ. టైపు నేర్పిన కాలంనాటి మిషన్లు మూడున్నాయి, ఒక్కటీ పనిచేయదు. పారేయమంటే, "ఉండనియ్యిరాదు, గదేమన్న అన్నం అడుగుతాందా?" అనేవాడు. మనిషి మంచివాడే గాని, చేతికి చిక్కింది వదలడంలో మహా పిసినారి.

తొంభై ఏడులో పుస్తకాలు ముందేసుకుని కుస్తీపట్టి, కేతేపల్లి నేతగాళ్ల సంఘానికి చీరలమ్మే వెబ్‌సైటు పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాశాడు. రెండేళ్లకు, అతని దగ్గర పనిచేసే రాజమణి దాన్ని ఏఎస్పీ అనే కొత్త పద్ధతిలోకి మార్చింది. మార్చడమైతే అయింది గాని, పాత ప్రోగ్రాం ముక్కలు ఏ పనీ లేకున్నా ప్రతి పేజీకీ వేలాడుతూనే ఉన్నాయి. ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్టు ఆ బరువు లాగలేక మూలిగేది. పేజీ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. చీరలు కొందామని చూస్తున్న బొంబాయి వ్యాపారికి అంత ఓపికెక్కడిది? సాయంత్రం మళ్లీ చూస్తానని, అప్పుడూ చీరలు కనబడకపోతే వేరేచోట కొంటానని ఫోన్లో తేల్చేశాడు. సంఘానికి ఆ ఏటికి అదే పెద్ద బేరం. రాజమణి నాయిన నేసిన చీరలూ అందులో ఉన్నాయి.

"సార్, పాతయన్ని తీసేస్త. ఒక్కటి గూడ పనిచేస్తలేదు."

"గవి ముట్టకు."

"ఎందుకు సార్?"

ఆ ముక్కలన్నింటికీ బషీర్ పెట్టింది భార్య పేరే. లాడ్లీ ఒకటి, లాడ్లీ రెండు, అలా చివరిదాకా. నిరుడు లాడ్లీ బేగం దవాఖానలో పడ్డప్పుడు, కంప్యూటర్లో ఆ పేరున్నన్నాళ్లు ఆమెకేమీ కాదని అతనికో పిచ్చి నమ్మకం పట్టుకుంది. ఆమె లేచి తిరుగుతోంది. నమ్మకం మాత్రం వదల్లేదు.

ఇంతలో లాడ్లీ బేగమే టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చింది.

"ఆపా, పేజీల నిండ నీ పేరే ఉన్నది. సార్ తియ్యనిస్తలేడు," అంది రాజమణి.

ఆమె భర్తవైపు తిరిగింది. "ఎందుకట?"

"నిన్ను నా చేతులతోని తుడిపెయ్యాల్నా? భయమైతాంది," అన్నాడు బషీర్ తల వంచుకుని.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పెండ్లయిన కాడికెల్లి 'అగో, ఇన్నవా' అనుడే గని, ఒక్కపారన్న పేరు వెట్టి పిలిచినవా? గీ కంప్యూటర్ల మాత్రం ఇన్నిసార్లు రాస్కున్నవ్! నోటితోని పిలువు. పిలిస్తె నువ్వేం కూలిపోవులే."

బషీర్ చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా, "లాడ్లీ," అన్నాడు, దుకాణంలో ఉన్న ఇద్దరికే వినిపించేలా.

"ఏ బటన్ బిడ్డా?" అని రాజమణిని అడిగి, ఆమె తన చేత్తోనే నొక్కింది. పాత ముక్కలన్నీ పోయాయి. బషీర్ మాత్రం తెరవైపు చూడలేదు, భార్య ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఆమెకేమీ కాలేదు. డబ్బా విప్పి, "తిను, సల్లగైతది," అంది.

సాయంత్రం ఆమె ఇంటికి బయల్దేరి రోడ్డు దాటుతుండగా బొంబాయి నుంచి ఫోను వచ్చింది. పేజీ ఇట్టే తెరుచుకుందట, చీరలన్నీ పంపమన్నాడు. రాజమణి సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచింది. బషీర్ రిసీవరు ఆమె చేతిలో పెట్టి గడపలోకి పరుగెత్తాడు. బస్టాండు దాకా వినబడేలా అరిచాడు.

"లాడ్లీ! ఓ లాడ్లీ! బేరం ఖాయమైంది!"