వంటగట్టు ఎత్తు

పలాసలో మా వంటింటి పాత గట్టు ఈ రోజు పగలగొట్టించాను. ఇల్లంతా దుమ్ము. పొయ్యి వరండాలో, జీడిగింజల బస్తాల పక్కన. కొత్త గట్టు కట్టే ముందు మేస్త్రీ అడిగాడు:

“వంట సేసేదెవులు బాబూ? ఓపాలి పిలవండి, నడుం కాడికి కొలత తీత్తాను.”

“నేనే,” అన్నాను.

నన్ను గోడ పక్కన నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీశాడు. దానికి బెత్తెడు కింద పాత గట్టు ఆనవాలు కనిపించింది. అది కిందటేడు పోయిన మా ఆవిడ కొలత.

“పాత ఎత్తుకే కట్టెయ్,” అన్నాను.

“వంగి వంగి నడుం పట్టేత్తాది బాబూ!”

ఇప్పటికే పట్టేసింది. అది తగ్గుతుందనే ఈ పని పెట్టుకున్నాను. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దుమ్ము తిని, అదే నొప్పికి కొత్త గ్రానైట్ వేయించుకుంటున్నాను.

మీ ఇంట్లో గట్టు ఎవరి కొలత?