ఉత్త కణాలు కూడా మెరిసిన రోజు

మా ల్యాబ్ అక్క పోయిందని శనివారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఉన్నట్టుండి గుండె ఆగిందట. "సరే" అన్నాను. తర్వాత చాయ్ పెట్టుకుని తాగాను. ఎందుకు తాగానో తెలియదు.

ఆమెది రఘునాథపల్లి, నాది భూపాలపల్లి. హైదరాబాద్ ల్యాబ్‌లో కణాలు పెంచడం నాకు నేర్పింది ఆమే. మీకు తేలిగ్గా చెప్పాలంటే, మెదడులో కబుర్లు అందుకునే రిసెప్టర్లనే ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో ఒకదాని జన్యువును డిష్‌లో పెరిగే మామూలు కణాల్లోకి ఎక్కిస్తే, అవి ఆ రిసెప్టర్‌ను తమ పైపొర మీద తయారు చేసుకుంటాయి. కొత్త మందు దానికి తగిలితే కణంలో మేం నింపిన రంగు మెరుస్తుంది. అలా మెరిపించే మందులను ఏరడమే మా పని. సెలవు తీసుకోమంటే "కణాలకు ఆదివారం తెల్వదు" అనేది. డిష్ మూత తీసి ఉంటే, తుంపరలు పడి కణాలు పాడవుతాయని ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు.

వాళ్ల బాపుకు వణుకుడు జబ్బు. ఒకసారి ఆ జబ్బుకు పనికొస్తుందనుకున్న మందొకటి కణాలను గట్టిగా మెరిపించింది. అందరం మిఠాయి పంచుకున్నాం. ఆమె తినలేదు. రిసెప్టర్ ఎక్కించని ఉత్త కణాల మీద అదే మందు వేసింది. అవీ మెరిశాయి.

"గిది రిసెప్టర్‌ను ముట్టనే లేదు. ఊకెనే మెరుస్తున్నది" అంది.

"ఇంకోసారి చూద్దాం అక్కా. అప్పటిదాంక సార్‌కు చెప్పకు" అన్నాను.

"మూడుసార్లు చూసిన. మా బాపు కోసమని అబద్ధం ఎట్ల చెప్త?"

వెళ్లి మా ల్యాబ్ నడిపే సార్‌కు చెప్పింది. ఏడాది పని ఆగిపోయింది. కొందరు చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. నేనూ రెండు రోజులు ముఖం చాటేశాను. తప్పైందని ఆ తర్వాతైనా అనలేదు.

ఫోన్ వచ్చిన రోజే రఘునాథపల్లికి వెళ్తే, ఆమె బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒళ్లో పెట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

"నా జబ్బుకు మందు చూస్తున్న అనేది నా బిడ్డ. దొరికిందా?"

"ఇంకా చూస్తున్నం బాపూ."

"మంచిగ చూడున్రి" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు.

సోమవారం ల్యాబ్‌లో కొత్త బ్యాచ్ మొదలుపెట్టాలి. అతి చల్లని ద్రవ నైట్రోజన్ ట్యాంకులోంచి ఒక చిన్న సీసా తీశాను. మూత మీద ఆమె చేతిరాత. గోరువెచ్చని నీళ్లలో కరిగించి డిష్‌లో పోశాను. మర్నాడు మైక్రోస్కోప్ కింద చూస్తే, ఆమె గడ్డకట్టించి దాచిన కణాలు డిష్ అడుగున అతుక్కుని, అక్కడక్కడ ఒకటి రెండవుతున్నాయి.