బాలయ్యను నిద్రకు ఎవరూ పిలవలేదు

1976లో నేను శేరిలింగంపల్లి దవాఖానలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను. మందులు డాక్టరు చూస్తాడు. రోగి ఇల్లు, మనుషులు, మనసులోని మాట మేం చూస్తాం. అప్పటికి తెల్లాపూర్‌లో మా గడీ, అంటే తాతల నాటి కోటలాంటి ఇల్లు, కూలి రెండు గదులు మిగిలాయి, భూములు పోయాయి. అయినా ఇస్త్రీ చొక్కా లేకుండా నేను గుమ్మం దాటిన రోజు లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను దొర అనే పిలిచేవారు. వద్దని నేనెన్నడూ అనలేదు.

ఆ ఎండాకాలం నల్లగండ్ల నుంచి సాయమ్మ తన భర్త బాలయ్యను తీసుకొచ్చింది. రాళ్ళు కొట్టే పని అతనిది. రెండు నెలల కింద అతని తమ్ముడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ పొద్దున, పనికి ఆలస్యం చేశావని తమ్ముణ్ణి తిట్టింది బాలయ్యే. అప్పటినుంచి సరిగా తినడు, సుత్తె ముట్టడు.

మా వృత్తిలో ఇలాంటివారిని సర్వైవర్ అంటారు. చావు తప్పించుకున్నవాడని కాదు, అలా పోయినవాడి వెనక మిగిలినవాడని. వీరికీ ప్రమాదం ఉంటుంది కాబట్టి రిస్క్ అసెస్‌మెంట్ చేయాలి. అంటే, చచ్చిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయం. అది నిజం కాదని శిక్షణలోనే చెప్పారు.

అడిగాను. నేను కుర్చీలో ఉన్నాను, అతను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లేదు దొరా, అంత మంచిగనే ఉన్నది" అన్నాడు.

కాగితం మీద లో రిస్క్ అని రాసి సంతకం పెట్టాను. బాలయ్య బయటికి పోగానే సాయమ్మ వెనక్కి వచ్చింది.

"మీ ముందట నిలవడి ఎవడన్న లేదనక ఏమంటడు దొరా? మీ తాత ముందట మా మామ గూడ గిట్లనే నిలవడెటోడు. ఆకలైతుందా అంటే లేదనెటోడంట."

నాకు కోపం వచ్చింది. దవాఖాన మూసేవేళకు గాని తగ్గలేదు. తగ్గాక సైకిల్ నల్లగండ్ల వైపు తిప్పాను.

బాలయ్య వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. లేవబోతే భుజం పట్టి ఆపి, పక్కనే కూర్చున్నాను. ఏ బండ ఎటు పగులుతుందో చాలాసేపు అడిగి తెలుసుకున్నాను. తర్వాత మళ్ళీ అదే ప్రశ్న వేశాను.

"అనిపిస్తది" అన్నాడు నేల చూస్తూ. "రోజు అనిపిస్తది. మమ్ముల నిద్రకు గూడ ఎవ్వలు తీస్కపోలే."

చావు జరిగిన ఇంటివారిని చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టడం మా వైపు ఆచారం. ఈ ఇంటి చావు అలాంటిది కావడంతో అందరూ జంకారు. సర్వైవర్లకు అందించే ఆసరాకు పోస్ట్‌వెన్షన్ అన్న కొత్త మాటను ఇంగ్లీషు పత్రికలో చదివి నోట్సు రాసుకున్నవాణ్ణి నేను. మా ఊళ్ళలో దానికి నిద్ర అన్న పేరు ఎప్పటినుంచో ఉందని అప్పటిదాకా తట్టలేదు.

ఒంటరిగా వదలొద్దని సాయమ్మకు చెప్పాను. మర్నాడే కాగితం మీద నా రాత కొట్టేసి, డాక్టరుకు చూపించాను. మందులు మొదలయ్యాయి. ఆ శనివారం ఇద్దరినీ మా ఇంటికి నిద్రకు పిలిచాను. మా సొట్టగిన్నెలు, పెచ్చులూడిన గోడలు బయటివారు చూడటం అదే మొదలు.

వడ్డిస్తూ మా అమ్మ అడిగింది. "పప్పుల ఉప్పు సరిపోయిందా బిడ్డా?"

"జర తక్కువైంది దొరసానీ" అంది సాయమ్మ.

అమ్మ నవ్వింది. బాలయ్య కూడా నవ్వి, ఉప్పు కలుపుకుని రెండోసారి పెట్టించుకున్నాడు.

దొరింట్లో నిద్ర చేశారన్న మాట ఊరంతా పాకింది. ఇక వెనకాడటం ఎవరికీ మర్యాదగా తోచలేదు. వారం తిరక్కుండా సాయమ్మ మేనమామ మూసాపేట నుంచి వచ్చి తీసుకుపోయాడు. తర్వాత ఇంకొకరు. మా ఇంటిపేరు ఒకరికి అలా పనికొచ్చినందుకు నాకు ఇప్పటికీ తృప్తిగానే ఉంటుంది. దసరా నాటికి బాలయ్య పనిలోకి పోయాడు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో నిలబడి ఉన్న మనిషిని ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. కూర్చోబెట్టి, అదే ఎత్తున నేనూ కూర్చుని అడిగాను. లేదన్న జవాబు వస్తే, ఇంకో రోజు వెళ్ళి మళ్ళీ అడిగాను.