రాణి వేషానికి వీసా

ఆ రోజుల్లో నాకు పొగరెక్కువ. ఇప్పుడు తగ్గిందని కాదు, అప్పటిది మరీ ముదిరిన పొగరని మా ఆవిడ అభిప్రాయం. గల్ఫ్‌లో, సోహార్ అనే ఊళ్ళో కంపెనీ క్యాంపులో ఉండేవాణ్ణి. తెల్లవారగానే బస్సెక్కడం, పొద్దుగూకేదాకా అంత ఎత్తున నిలబడి ఇనుప పైపులు బిగించడం, ఇదీ డ్యూటీ. కానీ మా జగిత్యాల పక్క ఊళ్ళలో నన్ను పైపులవాడిగా ఎవరూ ఎరగరు. అక్కడ నేను రాణిని. మా మేనమామ బాగోతం మేళంలో పదిహేనో ఏట నుంచీ ఆడవేషం కట్టాను. రాజు వెళ్ళగొట్టిన రాణి చంటిబిడ్డను ఎత్తుకుని అడవిలో ఏడ్చే ఘట్టం వచ్చిందంటే ముందు వరసలో ముసలమ్మల కొంగులు తడిసిపోవాల్సిందే. (ఒకామె నాకు బొట్టు పెట్టి జాకెట్ గుడ్డ చేతిలో పెట్టింది. వేషం తీశాక తిరిగి ఇవ్వబోతే, "నీకు గాదు బిడ్డా, ఆమెకిచ్చిన" అంది.)

ఈ సంగతి ఎలా తెలిసిందో, సీబ్‌లో టైపింగ్ ఆఫీసు నడిపే హైదరాబాదు భాయ్ చెవిన పడింది. ఏ కాగితమైనా నింపిపెడతాడని మేమంతా అతణ్ణి ఫారం భాయ్ అనేవాళ్ళం. ఒక శుక్రవారం నన్ను పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. "మియా, ఒక పెద్ద దేశంల ఆర్టిస్టులకు పర్మనెంటుగ ఉండేతందుకు కాయితం ఇస్తున్నరు. మామూలోళ్ళకు గాదు, అసాధారణ ప్రతిభ ఉన్నోళ్ళకు. ఫ్యామిలీని గూడ తీస్కపోవచ్చు. అర్బాబ్ లేడు, ఏం లేడు" అన్నాడు. (ఆ దేశం పేరు చెప్పను. నన్ను వద్దన్నవాళ్ళకు నేనెందుకు ప్రచారం చేసిపెట్టాలి?) అర్బాబ్, అంటే వీసా ఇచ్చి మనల్ని గుప్పిట్లో పెట్టుకునే యజమాని, లేడన్న మాటకే నా ప్రాణం లేచొచ్చింది. మా కంపెనీ పని ఇంకో ఆరు నెలల్లో అయిపోయేలా ఉంది. ఆ తర్వాత ఏ అర్బాబ్ కిందో, ఏ ఊళ్ళోనో తెలియదు. ఇంటి దగ్గర మా పాపకు రెండేళ్ళు. సెలవులన్నీ కలిపి చూసినా నేను దాన్ని ఎత్తుకున్నది నలభై రోజులే. ఎత్తుకుంటే నా మీసం చూసి ఏడ్చేది కూడా. ఆ కాగితం వస్తే ముగ్గురం ఒక్క కప్పు కింద ఉండొచ్చు. నాకు కావలసింది అంతే.

ఫారం నింపడం మొదలైంది. మీ రంగంలో మీ స్థానం ఎక్కడని అడిగారు. "మా మామ తర్వాత నేనే" అన్నాను. భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "మామను తియ్. నంబర్ వన్ నువ్వే అని రాస్త." "మా మామను తీసేసుడేంది భాయ్? ఆట నేర్పిందే ఆయన." అరగంట వాదించి మామను రెండో పేజీలోకి మార్చాం. తర్వాత ఫొటోలు. శాలువా కప్పించుకుంటున్న రాణి, కలెక్టరు ముందు ఆడుతున్న రాణి, పేపరు కటింగులో రాణి. (ఆ విలేకరి పుణ్యాత్ముడు "నటి కంటతడి పెట్టించింది" అని రాశాడు.) భాయ్ అన్నీ తిప్పి తిప్పి చూశాడు. "గిండ్ల నువ్వెక్కడున్నవ్?" "గామెనే నేను." "యా అల్లా!" కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, కిరీటమూ కత్తీ మీసమూ ఉన్న మా బావ ఫొటో మీద వేలు పెట్టాడు. "గీ రాజు నీ లెక్కనే ఉన్నడు. గిదే పెడదాం. ఎవనికి ఎరుక?" నాకు ఒళ్ళు మండిపోయింది. "రాజు వేషం మా బావది. నేను కట్టింది చీర. ఇస్తే చీరకే ఇయ్యమను, లేకుంటే ఆ దేశాన్ని ఆళ్ళనే ఉంచుకోమను" అన్నాను. భాయ్ పాపం చీర ఫొటోలే పంపాడు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఫొటోల్లో ఉన్నది దరఖాస్తుదారుడేనని రుజువు కావాలి, వీడియో పంపండి అని. భాయ్ ఎగిరి గంతేశాడు. "ఆసాన్ పని మియా! ముందు ప్యాంటు షర్టు మీద నిలబడి పాస్‌పోర్టు చూపియ్. గాడనే చీర కట్టు, రంగు పూస్కో, ఆడు. నడుమల ఫోన్ బంద్ చెయ్యకు. ఖల్లాస్!" నేను కుదరదన్నాను. మా మేళంలో వేషం కట్టేటప్పుడు తలుపు గడియ పెడతాం. మామ మొదటిరోజే చెప్పాడు: "నువ్వు కుచ్చిళ్ళు పెట్టుకునేది చూసినోడు, తర్వాత రాణి ఏడుస్తుంటే నిన్నే చూస్తడురా. రాణిని చూడడు." చీర కట్టింది మొదలు రంగు కడిగేదాకా మేళంలో ఎవరూ నన్ను నా పేరుతో పిలవరు, నేనూ నా పేరు ఎత్తను. ఇదంతా చెబితే భాయ్ మెత్తబడి, "పోనీ, చీర మీదనే నీ పేరొక్కటి చెప్పు" అని బతిమాలాడు. "రాణి నా పేరు చెప్పుడేంది భాయ్? ఆమెకు నేనెవరో తెల్వది" అన్నాను. ఎంత చక్కటి జవాబు! ఆ రోజుల్లో నాకు ఇలాంటి జవాబులు మహా సులువుగా తోచేవి.

ఆ వారం శుక్రవారమే మీసం తీసేశాను. చీర బజారులో కొన్నదే. క్యాంపులో మా రూము పక్క వంటగదిలోకి పోయి గడియ పెట్టుకుని, మొహానికి రంగు పూసుకుని, గంటకు తలుపు తీశాను. రూములో ఏడుగురున్నారు, అందరూ బనీన్ల మీదే. మాలో పెద్దవాడు, నిర్మల్ వైపు ఆయన, పెద్దన్న అనేవాళ్ళం, మంచం మీద నుంచి దిగ్గున లేచి అంగీ తొడుక్కున్నాడు. మిగతావాళ్ళూ దొరికిన అంగీలు తగిలించుకున్నారు. ఒకడు కంగారులో నా అంగీ వేసుకున్నాడు. వాళ్ళందరికీ నేనేనని తెలుసు. అయినా ఆడమనిషి కనబడని ఆ రూములోకి ఒకామె వచ్చినట్టే అయింది వాళ్ళకు. ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తుంటే, పెద్దన్న తలకిందులు చేసిన గంగాళం మీద దరువు వేశాడు. దిండును ఎత్తుకుని పాట ఎత్తుకున్నాను. ఎప్పుడూ అభినయమే చేసేవాణ్ణి, ఆ రోజు మాత్రం ఆ దిండు మా పాప అయిపోయింది. దరువు ఆగిందేమిటా అని చూస్తే, పెద్దన్న రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నాడు. నా జన్మలో అంత బాగా ఆడలేదు.

పేరూ పాస్‌పోర్టూ లేని ఆ వీడియోనే భాయ్‌తో పంపించాను. ఉత్తరం వచ్చింది. భాయ్ చదివి, తెలుగులో చెప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. ఫొటోల్లో, వీడియోలో ఉన్నామె ఒక్కరేనని వాళ్ళు ఒప్పుకున్నారు. ఆమె ప్రతిభ అసాధారణమేనని కూడా ఒప్పుకున్నారు. కానీ ఆమే ఈ దరఖాస్తుదారుడని ఎక్కడా రుజువు కాలేదు కాబట్టి తిరస్కరిస్తున్నామని రాశారు. భాయ్ కాగితం బల్ల మీద పెట్టి, "మియా, ఔరత్‌కు పాస్, నీకు ఫెయిల్" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆడవేషం కట్టే మగవాడికి ఇంతకంటే పెద్ద సన్మానం ఏ కలెక్టరు చేస్తాడండీ! గర్వంతో ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ అంతా విని, "అయితే మేం రామా ఇగ?" అని మాత్రమే అడిగింది. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు సీబ్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌ని. అర్బాబ్ ఉన్నాడు, మంచివాడే. నడుము లావై కుచ్చిళ్ళు నిలిచే ఆకారం పోయింది. ఫారం భాయ్ కనబడితే, "అయిదు నిమిషాల పని మియా, అయిదు నిమిషాలు!" అని ఇప్పటికీ దెప్పుతాడు. నేనూ ఇప్పటికీ తగ్గను. ఆయనతోనే కాదు, ఆ దేశపు ఆఫీసరు ఎదురుగా వచ్చినా "రాణికి నేనెవరో తెల్వది" అనే అంటాను.

మొన్న వీడియో కాల్‌లో మా పాప, వాళ్ళమ్మ దగ్గర కథంతా విన్నట్టుంది, సూటిగా అడిగింది: "నాన్నా, చీర కట్టేది చూపిస్తే మనం ముగ్గురం ఒక్కకాడ ఉంటుంటిమి గదా?" ఫారం భాయ్‌కి చెప్పిన జవాబు దానికి చెప్పలేకపోయాను. "అవు బిడ్డా, ఉంటుంటిమి" అన్నాను. అది వదల్లేదు. "పోనీ, నాకన్న చూపిస్తవా?"

"నీకు గూడ చూపియ్యను" అన్నాను.

అది పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా.