ఓడ బిళ్ళ మీద గీత

మా బావ కాటాలు బాగుచేస్తాడు. కిరాణా కొట్టు కాటా, బంగారం కొట్టు కాటా, ఆస్పత్రిలో పసిపిల్లల్ని పడుకోబెట్టి తూచే కాటా, ఏదైనా సరే. తల ఓ పక్కకి వంచి, పళ్ళెం అంచు రెండు వేళ్ళతో తట్టి, లోపల ఎక్కడ పట్టేసిందో చెప్పేస్తాడు. మా అక్కని చేసుకున్న కొత్తలో నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు యాభై రెండున్నర కిలోలు" అన్నాడు. ఎక్కి చూస్తే ముల్లు సరిగ్గా అక్కడే ఆగింది. ఇప్పటికీ ఆయన ముందు నిలబడాలంటే నాకు కొంచెం బెరుకే.

అలాంటి మనిషికి యాభై దాటాక నాణేల పిచ్చి పట్టింది. అదీ మంచి నాణేల పిచ్చి కాదు, చెడిపోయిన నాణేలది. ఒక కొట్టువాడి కాటా సరిగ్గా తూగడం లేదని విప్పితే, పళ్ళెం కింద ఒక బిళ్ళ ఇరుక్కుని ఉంది. దాని మీద బొమ్మ నడిమధ్య లేదు, సగం పక్కకి జరిగిపోయి, మిగతా సగం ఖాళీగా ఉంది. కొట్టువాడు చూసి, "ఎవరూ తీసుకోరు, పారెయ్" అన్నాడు. బావ పారెయ్యలేదు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి దాన్ని నా అరచేతిలో పెట్టి, "ఒరేయ్, ఇది చేసినవాడు ఆ క్షణంలో ఎటు చూస్తున్నాడంటావ్?" అన్నాడు. నేను స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాను.

ఆ తర్వాత ఫోన్‌లో, ఊళ్ళోవాళ్ళు పాత సామాన్లు అమ్ముకునే యాప్ ఉంటుంది కదా, అందులో ప్రకటన పెట్టాడు. పైన పాత సోఫా, కింద మూడు కుక్కపిల్లలు, మధ్యలో బావ: "అచ్చు తప్పిన నాణేలు కొంటాను, అమ్ముతాను. పాతదా కొత్తదా అని కాదు. తప్పు పడి ఉండాలి."

మా అక్క అది చదివి ముక్కున వేలేసుకుంది. "తప్పులు కొనుక్కునే మనిషిని నిన్నే చూశాను. మా తమ్ముడివి బోలెడున్నాయి, ఊరికే ఇస్తాను తీసుకో" అంది.

వచ్చేవాళ్ళు రకరకాలుగా వచ్చేవాళ్ళు. సగం మంది "ఉందా?" అని ఒక్క ముక్క పంపి, "ఉంది" అంటే మళ్ళీ కనపడేవాళ్ళు కాదు. ఒకాయన పట్టాల మీద పెట్టి రైలుతో తొక్కించిన బిళ్ళ పట్టుకొచ్చాడు. "ఇది రైలు చేసిన పనండీ, టంకశాల చేసిన తప్పు కాదు" అని బావ మర్యాదగా మంచినీళ్ళిచ్చి పంపించాడు. ఇంట్లో ఉలితో గీసి తెచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళని పట్టుకోవడం తేలిక. మనిషి గీస్తే గీత లోపలికి పోతుంది. టంకశాలలో నాణెం మీద కొట్టే అచ్చు పగిలితే, ఆ పగుల్లోకి లోహం దూరి, నాణెం మీద గీత పైకి ఉబ్బుతుంది. బావ కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా గోటితో నిమిరి చెప్పేసేవాడు.

ఓడ బిళ్ళ అలా దొరికిందే. ఒక లాండ్రీ యజమాని, బట్టల జేబుల్లో మిగిలిపోయిన చిల్లర ఏళ్ళ తరబడి సీసాలో వేసి, చివరికి సీసాతో సహా అమ్మకానికి పెట్టాడు. బావ కొన్నాడు. శనివారం మధ్యాహ్నం షాపులో ఇద్దరం కూర్చుని ఒక్కోటీ ఏరుతుంటే, తెరచాప ఓడ బొమ్మ ఉన్న పాత బిళ్ళ దగ్గర బావ గోరు ఆగింది. ఓడ తెరచాప కొయ్య కొన నుంచి నాణెం అంచు దాకా సన్నటి ఉబ్బెత్తు గీత. ఎవరో ఓడని తాడేసి ఒడ్డుకి కట్టినట్టుంది. బావ ఫొటో తీసి, కొద్దిపాటి ధర రాసి, అమ్మకానికి పెట్టాడు.

నెల దాటినా ఎవరూ పలకలేదు. తర్వాత ఒకరోజు ఎవరో ఆవిడ రాసింది: "దయచేసి దాన్ని ఎవరికీ ఇవ్వకండి. రేపు మా నాన్నగారిని తీసుకొస్తున్నాను."

"ఇది బేరమాడే మనిషి రాసే రాత కాదు" అన్నాడు బావ.

మర్నాడు వచ్చారు. పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా పెట్టిన గుండీలు. ఒక చెవి పూర్తిగా వినపడదట, రెండోది బిగ్గరగా చెప్తేనే. పక్కన నలభై ఏళ్ళు దాటిన కూతురు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఏదీ?" అని చెయ్యి చాపారు.

బావ బిళ్ళ ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని చూడలేదు. ముందు బొటనవేలి గోటితో గీత మీద నిమిరారు, అచ్చం బావ లాగే. నిమిరి, కళ్ళు మూసుకున్నారు. తర్వాత జేబులోంచి భూతద్దం తీసి చూశారు.

"ఇది నాదే" అన్నారు.

"ఎక్కడైనా పోగొట్టుకున్నారాండీ?" అని బావ అడిగాడు.

కూతురు ఆ మాట చెవిలో చెప్పింది. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "పోగొట్టుకోలేదు. చేశాను."

నేనూ బావా మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు కూర్చున్నారు పెద్దాయన. షాపంతా వినపడే గొంతుతో చెప్పారు.

ముప్ఫై నాలుగేళ్ళు టంకశాలలో అచ్చు మిషన్ నడిపారట. ఏడో నంబరు మిషన్. "కోట్ల నాణేలు చేశాను బాబూ. ఒక్కటంటే ఒక్కటి ఇంటికి తీసుకెళ్ళింది లేదు. మా యూనిఫాం చొక్కాలకి జేబులే ఉండవు" అన్నారు. పావుగంటకోసారి ఒక నాణెం తీసి భూతద్దం కింద చూడాలి, అచ్చు బాగానే ఉందో లేదో. అది నియమం. ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. భార్యకి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే రమ్మన్నారు. డ్యూటీ మార్చుకోవాల్సిన మనిషి ఆ పూట రాలేదు. మిషన్ వదిలి వెళ్ళడానికి వీల్లేదు.

"మిషన్ నడుస్తూనే ఉంది. దాని ముందు నిలబడే ఉన్నాను. కానీ నేనక్కడ లేను" అన్నారు పెద్దాయన. "మూడు గంటలు. ఒక్క నాణెం తీసి చూడలేదు. అయిదింటికి ఎందుకో చూస్తే, ఓడకి తాడుంది."

మిషన్ ఆపేశారు. అప్పటికే నాణేలు సంచుల్లోకి వెళ్ళి, మిగతా మిషన్ల వాటితో కలిసిపోయాయి. పగిలిన అచ్చుని అధికారుల ముందే నలగ్గొట్టారు. ఈయన చేతికి మెమో ఇచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళలో అదొక్కటే మెమో.

"మరి బిడ్డ?" అన్నాను నేను ఆగలేక.

కూతురు కాస్త సిగ్గుపడింది. "నేనేనండీ. నాలుగూ పదికి పుట్టానట."

అప్పటి నుంచి నలభై ఒక్క ఏళ్ళుగా, చిల్లర చేతికొచ్చిన ప్రతిసారీ ఆయన ఓడ బిళ్ళలు తిప్పి చూసుకుంటూనే ఉన్నారు. తన తప్పు ఎక్కడికెళ్ళిందో చూడాలని. ఒక్కటీ కనపడలేదు. "నాన్న చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడని కొట్టువాళ్ళు నవ్వేవాళ్ళు" అంది కూతురు. "నేనూ అలాగే అనుకునేదాన్ని. పాత మంచం ఒకటి కొందామని యాప్ చూస్తుంటే ఈ ఫొటో పక్కన కనిపించింది. నాన్నకి చూపిస్తే గంటసేపు ఫోన్ వదల్లేదు."

"ఎంత ఇమ్మంటారు?" అన్నారు పెద్దాయన, పర్సు తీస్తూ.

మా బావ తోటకూర కట్ట దగ్గర కూడా బేరం ఆడతాడు. అలాంటిది, "ఎంతో బిళ్ళ మీదే రాసుంది కదండీ" అన్నాడు. పెద్దాయనకి వినపడలేదు. కూతురు చెవిలో అరిచి చెప్పింది. ఆయన పర్సులోంచి గీత లేని మామూలు ఓడ బిళ్ళ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. బిళ్ళకి బిళ్ళ. బేరం అయిపోయింది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. వెళ్ళబోతూ ఆయన నాణేన్ని మళ్ళీ భూతద్దం కిందకి తెచ్చుకుని, "ఇది మొదట్లోది కాదు. పగులు అంచు దాకా పాకేసింది. నాలుగున్నర తర్వాతది" అన్నారు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లెక్క కట్టడం మొదలుపెట్టాను. పగులు ఒక్కసారిగా రాదు. అచ్చు కొట్టే దెబ్బదెబ్బకీ కంటికి తెలియనంత పెరుగుతుంది. నిమిషానికి నూట ఇరవై దెబ్బలట. మూడు గంటలకి ఇరవై ఒక్క వేల ఆరు వందల నాణేలు. అన్నిటి మీదా అదే గీత, ఏ రెండిటి మీదా ఒకే పొడుగు కాదు. అంటే ఆ మధ్యాహ్నం మొత్తం, దెబ్బ వెంట దెబ్బగా నాణేల మీద అచ్చయి, దేశం మీద పడి జేబులు మారుతోంది.

"అయితే గీత చూసి టైమ్ చెప్పొచ్చాండీ?" అన్నాడు బావ.

"పగులు ఒకే వేగంతో పెరుగుతుందని ఏముంది?" అన్నాను నేను. లెక్కల మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది!

"పెరగదు" అన్నారు పెద్దాయన. "మొదట నిదానం, పోనుపోను తొందర. లెక్కకి అందదు. దాని ముందు నిలబడ్డవాడి చేతికి తెలుస్తుంది."

ఆ సాయంత్రమే బావ కొత్త ప్రకటన పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ పెట్టాడు. "ఈ ఓడ బిళ్ళ మీద, కొయ్య కొన దగ్గర గీత ఉంటే, ఎంత చిన్నదైనా సరే, కబురు చెయ్యండి." ఫొటో తోడుగా పెట్టాడు.

రెండేళ్ళు పట్టింది. రేవులో టికెట్లు చింపే ఆయన దగ్గర ఒకటి దొరికింది. ఒక ప్లంబరు ఇంకోదాన్ని కుళాయి కింద వాషర్‌గా వాడేశాడు, విప్పి ఇచ్చాడు. ఇద్దరు ముసలి స్నేహితులు చదరంగంలో పోయిన బంటు బదులు ఓడ బిళ్ళ పెట్టుకుని పదేళ్ళుగా ఆడుతున్నారు. వాళ్ళకి కొత్త బంటు కొనిచ్చి తెచ్చుకున్నాం. ఒక్కోదాని కోసం బావా నేనూ నాలుగేసి గంటలు బస్సులో వెళ్ళొచ్చాం. నేను ఎందుకెళ్తున్నానని మా ఆవిడ అడిగితే బావకి తోడు అన్నాను. అసలైతే వెళ్ళకుండా ఉండలేకపోయాను.

మొత్తం పన్నెండు నాణేలయ్యాయి. ఒక శనివారం షాపులో నల్లగుడ్డ పరిచి, పెద్దాయన వాటిని వరసలో పెట్టారు. చూడటం తక్కువ, గోటితో నిమరడం ఎక్కువ. మొదటిదాని మీద కొయ్య కొనకి చిన్న నలుసు, అంతే. రెండోదాని మీద కనురెప్ప వెంట్రుకంత. అలా అలా పెరిగి పన్నెండోదాని మీద అంచుని తాకి, అక్కడ చిన్న బుడిపె కూడా. బావ ఊరుకోలేక బంగారం తూచే కాటా తెచ్చి ఒక్కోటీ తూచాడు. బరువు మాత్రం ఎక్కడా తేడా రాలేదు.

"ఇక్కడ ఫోనొచ్చింది" అన్నారు పెద్దాయన, మొదటిదాని ముందు వేలు పెట్టి. అయిదోదాని దగ్గర, "గుమ్మం వైపే చూస్తున్నాను, ఆ మనిషి వస్తాడేమోనని." ఎక్కడో చదువుతున్నట్టు చెప్పుకుంటూ పోతున్నారు.

కూతురు ఆయన చెవి దగ్గరికి వంగింది. "నేనెక్కడ నాన్నా?"

ఆయన వేలు వరస మీద మెల్లగా జరిగింది. తొమ్మిదోదాన్ని నిమిరి, పదోదాన్ని నిమిరి, రెండింటికీ మధ్య ఉన్న ఖాళీ నల్లగుడ్డ మీద ఆగింది. "ఇక్కడ."

కూతురు ఆ ఖాళీ మీదకి వంగి చూసింది. మా బావ, జీవితమంతా తూకం వేస్తూ బతికిన మనిషి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లాడిలా కూర్చున్నాడు.

ఆ నాణేలు బావ దగ్గర ఉండకూడదని మా అక్కే తేల్చింది. "అవి వాళ్ళింటివి" అంది. అట్ట మీద గుడ్డ అతికించి, ఒక్కోదానికీ గుంట చేసి, మూతకి అద్దం పెట్టి, ఇద్దరం పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళాం. రెండు గదుల వాటా. తలుపు ఆయన భార్యే తీశారు. లోపల పెద్దాయనా కూతురూ ఉన్నారు. ఆవిడకి ఈ సంగతేదీ తెలియదని అక్కడికెళ్ళాకే మాకు తెలిసింది. నాణేల సంగతే కాదు, మెమో సంగతి కూడా.

"ఎందుకు చెప్పలేదు?" అన్నారావిడ.

"చెప్తే పిల్ల పుట్టిన వేళ గురించి ఎవరైనా ఏదైనా అంటారని" అన్నారు పెద్దాయన.

ఆవిడ పెట్టె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టుకున్నారు. భూతద్దం అడిగి పుచ్చుకుని, మొదటి నాణెం నుంచి ఒక్కోటీ చూడటం మొదలుపెట్టారు. "అక్కడ నేను కేకలు పెడుతుంటే, ఇక్కడ మీరు ఓడలకి తాళ్ళు కడుతున్నారన్నమాట" అన్నారు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. తొమ్మిదికీ పదికీ మధ్య కూతురు వేలు పెట్టి చూపిస్తే, అద్దం మీద అరచెయ్యి ఆనించి మరీ ఆగారు.

తర్వాత పన్నెండోది కూడా అయిపోయింది. ఆవిడ భూతద్దం దించి భర్త వైపు తిరిగి, చెవిటాయనకి వినపడేలా గట్టిగా అడిగారు. "ఆ తర్వాతదేదీ?"

"తర్వాత లేవు" అన్నారాయన. "ఆపేసి, బస్సు కోసం కూడా ఆగకుండా నడిచొచ్చాను."

"అవును. చొక్కా తడిసిపోయి వచ్చారు" అన్నారావిడ. "పిల్లని ఎత్తుకోమంటే, చేతులు కడుక్కోలేదని ఎత్తుకోలేదు."